నమూనాలు తీసుకెళ్లారు, జవాబు ఎవరికిచ్చారు?

మానవ హక్కులు, ప్రజారోగ్యం, వాతావరణ మార్పు రంగాల్లో పనిచేస్తున్న శాస్త్రవేత్తలకు, వైద్యులకు, న్యాయ నిపుణులకు, వారిని పంపే సంస్థల పెద్దలకు,



కొల్లేరు గట్టు మీద మళ్లీ అధికారుల రాకపోకలు మొదలయ్యాయి. 2025లో సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చాయి, అటవీశాఖ యంత్రాలు చెరువు గట్ల మీదికి కదిలాయి, కేంద్ర సాధికార కమిటీ వచ్చి వినతులు తీసుకుంది. కొల్లేరు అభయారణ్యం హద్దు సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత (+5 కాంటూరు) దగ్గరే ఉండాలా, +3కి తగ్గించాలా అన్న పాత పేచీ మళ్లీ పైకి లేచింది. ఇలాంటి వేళల్లో ప్రభుత్వాలు, కోర్టులు మీ మాట కోసమే చూస్తాయి. అందుకే ఈ ఉత్తరం మంత్రులకు కాక మీకు రాస్తున్నాను. మీలో నీటిని చూసేవారు నీటి గురించి రాస్తారు. రోగాన్ని చూసేవారు రోగం గురించి, హక్కులను చూసేవారు హక్కుల గురించి రాస్తారు. రాసింది పైకి పంపి, మా పని ఇంతవరకే అంటారు. ఆ మాటను ఒప్పుకోలేకపోతున్నాను. ఎవరి ఒంట్లోంచి, ఎవరి చెరువులోంచి, ఎవరి పొలంలోంచి నమూనా తీసుకున్నారో వారికి జవాబు చెప్పేదాకా మీ పని పూర్తయినట్టు కాదు. ఆ జవాబు ముగ్గురూ కలిసి చెప్పకపోతే అది జవాబూ కాదు.

ఏలూరు సంగతే తీసుకోండి. 2020 డిసెంబరు 5 సాయంత్రం వన్‌టౌన్ వీధుల్లో జనం ఉన్నట్టుండి కుప్పకూలారు. మూర్ఛ, నోట నురగ, కొద్ది నిమిషాలు మతి తప్పడం, తేరుకున్నాక తలనొప్పి, వాంతులు, నీరసం. పిల్లలూ పడ్డారు, ముసలివాళ్లూ పడ్డారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రోగమన్న ఆనవాలు లేదు. వారం రోజుల్లోనే బాధితుల సంఖ్య 600 దాటింది. కరోనాతో అలసిపోయి ఉన్న ఊరు అది. ఢిల్లీ నుంచి, మంగళగిరి నుంచి ఎయిమ్స్ వైద్యులు వచ్చారు. హైదరాబాద్ నుంచి జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ రంగంలోకి దిగాయి. జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరి వచ్చింది, పుణె వైరాలజీ సంస్థ వచ్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ వచ్చింది. దేశంలో ఇంతకంటే పెద్ద నిపుణుల బలగం లేదు. రక్తం తీశారు, మూత్రం పట్టారు, కొందరికి వెన్నులోంచి నీరు తీశారు. కుళాయి నీళ్లు, పాలు, బియ్యం, కూరగాయలు సంచుల్లో కట్టి పట్టుకెళ్లారు. ఏలూరు జనం అడిగినవన్నీ ఇచ్చారు, చెయ్యి చాపమంటే చాపారు. ఆ సహకారాన్ని తక్కువగా చూడకండి.

ఆ తర్వాత వచ్చిన మాటలు ఒకదానితో ఒకటి అతకలేదు. మొదట రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. ఆ వెంటనే కూరగాయల్లో పురుగుమందుల అవశేషాలన్నారు. పాదరసం పేరు కూడా వినబడింది. డిసెంబరు 16న ప్రభుత్వ సమీక్షలో ఎయిమ్స్, నీరి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమన్నాయి. అవి ఒంట్లోకి ఏ దారిన చేరాయో తేల్చడానికి మాత్రం దీర్ఘకాలిక అధ్యయనం కావాలన్నాయి. చీఫ్ సెక్రటరీ అధ్యక్షతన 21 మందితో కమిటీ కూడా పడింది. ఆ దీర్ఘకాలం ఎంత? ఆ 600 మందిలో ఎవరి రక్తం ఏం చెప్పిందో ఒక్కొక్కరి చేతిలో తెలుగు కాగితంగా పెట్టారా? సీసానికి ఇంతవరకు ఫరవాలేదు అనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అది ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది, చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అలాంటప్పుడు ఆ రోజు మూర్ఛపోయిన పిల్లవాడిని ఏడాదికోసారైనా పిలిచి చూడాల్సిన పని ఎవరిది? మూర్ఛ తగ్గి ఇంటికి వెళ్లాడు కాబట్టి ఆస్పత్రి లెక్కలో అతడు కోలుకున్నట్టే. తల్లికి మాత్రం ఆ సంగతి తీరలేదు. రేపు ఆ పిల్లవాడికి చదువు వంటబట్టకపోతే, పాత విషం వల్లా ఇంకేదైనా కారణం వల్లా అని తేల్చుకోవడానికి ఆమె చేతిలో ఏ ఆధారం ఉంది?

ఇదేమీ కొత్తగా కోరుతున్న వరం కాదు. సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది. అడగకముందే చెప్పాలని, స్థానిక భాషలో చెప్పాలని అందులోని నాలుగో సెక్షన్ అంటోంది. మనుషుల మీద చేసే ఆరోగ్య పరిశోధనల ఫలితాన్ని, ప్రయోజనాన్ని ఆ మనుషులకు తిరిగి చేర్చాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలూ చెబుతున్నాయి. ఏలూరు ఘటనకు ఏడు నెలల ముందు, అదే ఏడాది మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ వాయువు లీకై జనం చనిపోయారు. దాని మీద వేసిన ఉన్నతస్థాయి కమిటీ వేల పేజీల నివేదిక ఇచ్చింది. అది జనంలోకి వచ్చింది, దాని మీద వాదోపవాదాలు జరిగాయి, ఎవరి తప్పు ఏమిటో పేర్లతో సహా మాట్లాడుకోగలిగారు. ఒకే రాష్ట్రంలో, ఒకే ఏడాదిలో జరిగిన సంగతులివి. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు? అక్కడ ఒక కంపెనీ గేటు కనబడుతోంది. ఇక్కడ విషం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక, వేలు పెట్టి చూపడానికి ఎవరూ కనబడలేదు. అలాంటిచోటే మీ అవసరం ఎక్కువ.

నీళ్ల దారి చూస్తే సంగతి అర్థమవుతుంది. కృష్ణా కాలువ, గోదావరి కాలువ కలిసే ఊరు ఏలూరు. ఎగువన మా చింతలపూడి వైపు నుంచి తమ్మిలేరు వస్తుంది. ఇక్కడి మొక్కజొన్న చేలలో కొట్టిన కలుపుమందు, తోటల్లో వేసిన గుళికలు ఒక పెద్ద వానకు ఏ దారిన పోతాయి? తమ్మిలేరు ఏలూరును ఒరుసుకుంటూ కొల్లేరులో కలుస్తుంది. పట్టణాల మురుగు, డెల్టా డ్రెయిన్లలో వచ్చే పొలాల నీరు చేరేదీ అక్కడికే. ఇన్నింటినీ దింపుకుని సముద్రానికి వదలడానికి కొల్లేరుకున్న దారి ఒక్కటే, ఉప్పుటేరు. పురుగుమందు చేలో ఉంటే వ్యవసాయ శాఖ చూస్తుంది, ఏట్లో ఉంటే జలవనరుల శాఖ, చేపలో ఉంటే మత్స్యశాఖ, మనిషి రక్తంలో ఉంటే ఆరోగ్యశాఖ చూస్తుంది. విషం ఒక్కటే, అది పోయే దారీ ఒక్కటే. ఫైళ్లను శాఖలు పంచుకున్నాయంటే పాలనా సౌలభ్యం అనుకోవచ్చు. శాస్త్రాన్ని మీరెందుకు పంచుకున్నారు?

అలా పంచుకోవడం వల్ల కలిగిన నష్టం కొల్లేరులో కళ్లకు కడుతుంది. 1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం సహకార సంఘాల పేరిట పేదలకు చేపల చెరువులు ఇచ్చింది. సరస్సు ఊపిరి సంగతి అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. చెరువులు లీజుల మీద లీజులుగా చేతులు మారి డబ్బున్నవారి గుప్పిట్లోకి పోయాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర +5 కాంటూరు వరకు పక్షుల అభయారణ్యం ప్రకటించారు. 2002లో కొల్లేరు చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు తెగ్గొట్టారు. సరస్సుకు ఆ పని అవసరమే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ గట్ల మీద కూలికి పోయేవారి బతుకు ఇంకో ఫైలైంది, జిరాయితీ భూమి ఉన్న రైతు పరిహారం మరో ఫైలైంది. ఆ ఖాళీలోంచే 2008లో హద్దును +3కి తగ్గించాలన్న శాసనసభ తీర్మానం వచ్చింది. తగ్గిస్తే అభయారణ్యం 135 చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయేది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తగ్గించవద్దని చెప్పింది. ఆ కమిటీ మాట శాస్త్రపరంగా సరైనదే. అయినా గట్లు మళ్లీ లేచాయి. ఎందుకు లేచాయి? పక్షి లెక్క చెప్పినవారు మనిషి లెక్క చెప్పలేదు, మనిషి హక్కు మాట్లాడినవారు నీటి లెక్క చూడలేదు. మధ్యలో పేదవాడి పేరు చెప్పుకుని పెద్ద లీజుదారు గట్టు కట్టుకున్నాడు. సరస్సు లోపలి 46 బెడ్ గ్రామాలు, చుట్టూ ఉన్న 76 బెల్ట్ గ్రామాల జనం ప్రతిసారీ ఎవరో ఒకరి వాదనకు సాక్ష్యంగా మాత్రమే పనికొచ్చారు.

దగ్గరికి వెళ్లి చూడండి. లంక గ్రామం చుట్టూ కనుచూపు మేర నీళ్లే, తాగడానికి మాత్రం టిన్ను కొనాలి. వల, మావు వేసి కొర్రమీను, మార్పు, ఇంగిలాయి పట్టుకునే కుటుంబం రోజు సంపాదనలోంచి మంచినీళ్లకు డబ్బు తీస్తుంది. కొన్ని చెరువులకు రాత్రిపూట వ్యాన్లలో డ్రమ్ముల కొద్దీ కోళ్ల వ్యర్థాలు వస్తున్నాయి. మేతకు చవక కాబట్టి నిషేధం ఉన్నా ఆగడం లేదు. డ్రమ్ము మూత తీస్తే ఆ కంపుకు గట్టు మీద నిలబడలేరు. అక్కడ పనిచేసే కూలీకి చేతికి తొడుగు ఉండదు, కాలికి బూటు ఉండదు. రోగం రాకుండా చెరువుల్లో చల్లే మందుల్లో మనుషులకు వాడే యాంటీబయాటిక్స్ కూడా ఉంటాయన్న ఆరోపణ ఉంది. దాన్ని తేల్చగలవారు మీరే. మందులకు లొంగని సూక్ష్మజీవుల వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక లెక్కగట్టింది. ఆ లెక్క చెప్పిన శాస్త్రం ఆ కూలీ చేతి పుండు దాకా రావద్దా? ఎగుమతి చేసే రొయ్యలో యాంటీబయాటిక్ ఉంటే ఐరోపా రేవులో పట్టుకుని వెనక్కి పంపుతారు. అదే చెరువు నీళ్లలో నడుము లోతున నిలబడే మనిషిని పరీక్షించే రేవు ఏది?

వాతావరణ నిపుణులతో ప్రత్యేకంగా ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ రోజుల తరబడి నీళ్లలో ఉంది. దేశమంతా చూసింది. ఆ నీరంతా దిగువకు వచ్చింది కొల్లేరుకే. పెదఎడ్లగాడి దగ్గర కొల్లేరు మట్టం పెరుగుతుంటే లంక గ్రామాల దారులు మునిగాయి. కెమెరాలు అప్పటికే వెళ్లిపోయాయి. వరదను కడుపులో దాచుకుని మెల్లగా వదలడం కొల్లేరు పని. దాని కడుపు నిండా గట్లు కట్టాక ఆ పని ఎలా చేస్తుంది? వేసవిలో పైనుంచి నీరు తగ్గితే ఉప్పుటేరులో సముద్రపు పోటు వెనక్కి ఎక్కి ఉప్పు పైకి వస్తుంది. సముద్రమట్టం పెరిగే కొద్దీ ఇది ముదిరేదే. వాతావరణ మార్పు గురించి అంతర్జాతీయ సభల్లో మీరు చెప్పే వరద, కరువు, ఉప్పు, వేడి నాలుగూ ఒక్క ఏడాదిలో ఇక్కడ తిరుగుతాయి. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. ఎక్కువమంది ఎండలో పనికి వెళ్లక తప్పనివారే. 2022 జులై 28న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ శుభ్రమైన, ఆరోగ్యకరమైన పర్యావరణాన్ని మానవ హక్కుగా గుర్తించినప్పుడు 161 దేశాలు ఔనన్నాయి, అందులో మన దేశం ఉంది. 2024 మార్చిలో మన సుప్రీంకోర్టు రంజిత్‌సింహ్ కేసులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగం 14, 21 అధికరణాల కిందికి వచ్చే హక్కేనని చెప్పింది. హక్కు కాగితం మీదికి వచ్చింది. దాన్ని కొల్లేరు మనిషి అడిగి తీసుకోవాలంటే చేతిలో రుజువు కావాలి. ఆ రుజువు మీ ప్రయోగశాలల్లో ఉంది.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు తెలియనివి కావు. పూర్తిగా తేలని సంగతి చెబితే జనం భయపడతారని మొదటిది. ఏలూరులో జనం భయపడింది చెప్పినందుకు కాదు. ఒక రోజు సీసం, మరో రోజు పురుగుమందు అని పత్రికల్లో ముక్కలుముక్కలుగా చదివి భయపడ్డారు. ఇంతవరకు తెలిసింది ఇది, తెలియంది ఇది, ఈలోగా ఈ జాగ్రత్త తీసుకోండి అని చెబితే అర్థం చేసుకోలేనంత అమాయకులు కారు వారు. తేలేదాకా ఆగితే ఏమవుతుందో జపాన్‌లోని మినమాత చెబుతుంది. అక్కడ రోగం 1956లో బయటపడింది. కుమమోతో విశ్వవిద్యాలయం పరిశోధకులు 1959లోనే పాదరసం వైపు వేలు చూపారు. సముద్రంలోకి వ్యర్థాలు వదిలిన ఫ్యాక్టరీ ఆస్పత్రిలోని వైద్యుడు పిల్లుల మీద చేసిన పరీక్షలోనూ అదే తేలింది, ఆ ఫలితాన్ని కంపెనీ బయటికి రానివ్వలేదు. ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్నది 1968లో. ఆ తొమ్మిదేళ్లూ జనం ఆ సముద్రపు చేపలే తిన్నారు. శాస్త్రానికి నిదానం ఉండాలి, నిజమే. ఆ నిదానానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో కూడా శాస్త్రవేత్త లెక్కలో ఉండాలి కదా?

మేం సలహా ఇస్తాం, చేసేది ప్రభుత్వం కదా అన్నది రెండో మాట. నివేదిక ప్రభుత్వానిదేనని, బయటపెట్టే అధికారం మాకు లేదని మీలో చాలామంది చెబుతారు. ఇందులో నిజం ఉంది. ప్రభుత్వ సంస్థలో పనిచేసే శాస్త్రవేత్త చేతులు ఎంతవరకు కట్టేసి ఉంటాయో తెలియనిది కాదు. అయితే పనికి ఒప్పుకునే రోజునే షరతు పెట్టవచ్చు. ఇన్నాళ్లలోగా ఫలితం బాధితులకు చెబుతామని, వ్యక్తిగత వివరాలు తీసేసి మిగతాది అందరికీ పెడతామని రాసుకోవచ్చు. అది మీ చేతిలో ఉన్న పని. మీ మూడు రంగాలూ కలిస్తే ఏం జరుగుతుందో కేరళలోని కాసరగోడ్ చూపింది. జీడితోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ పురుగుమందు చల్లారు. పిల్లలు వైకల్యాలతో పుట్టారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ అధ్యయనం చేసింది, జాతీయ మానవ హక్కుల కమిషన్ జోక్యం చేసుకుంది, స్థానికులు పోరాటం ఆపలేదు. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును నిలిపేసింది. 2017లో బాధితులకు 5 లక్షల రూపాయల చొప్పున మూడు నెలల్లో ఇవ్వమంది. డాక్టరు రుజువును లాయరు చేతికి, లాయరు తీర్పును బాధితుడి చేతికి అందించిన గొలుసు అది. ఎక్కడ తెగినా ఆ పిల్లలకు ఏమీ దక్కేది కాదు. అది ఆలస్యంగానే జరిగింది, అందరికీ అందలేదన్న బాధా ఉంది. ఏలూరులో ఆ గొలుసు మొదటి కొక్కెం దగ్గరే ఆగిపోయింది.

ఇక మూడోది, చెరువులు మూతపడితే వేల కుటుంబాలు రోడ్డున పడతాయి, మీరు నిజాలు తవ్వితే నష్టపోయేది జనమే అన్న వాదన. ఇది మీరు అనే మాట కాదు, మీ చేత అనిపించే మాట. చెరువుల మీద బతికేవారి ఆకలి నిజం. దాన్ని కొట్టిపారేసే ఏ పర్యావరణ వాదమూ ఇక్కడ నిలవదు. ఆ ఆకలిని ముందు పెట్టి విషం సంగతి అడగనివ్వకపోవడం మాత్రం అన్యాయం. జిరాయితీ రైతుకు ఎంత పరిహారం, కూలీకి ఏ పని, వేటగాడికి ఎంత నీటి మీద హక్కు, ఏ కాంటూరు దాకా నీరు నిలిస్తే ఎన్ని ఊళ్లు మునగకుండా ఉంటాయి, ఆ నీటిలో చేప ఎంత పెరుగుతుంది, తింటే ఒంటికి ఏమవుతుంది, ఈ ప్రశ్నలన్నీ ఒకే కాగితం మీద ఉంటే తప్ప న్యాయమైన నిర్ణయం రాదు. అలాంటి ఒక్క కాగితం కొల్లేరు గురించి తయారు చేసే బాధ్యత మీది కాకపోతే ఇంకెవరిది?

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. వచ్చే వానాకాలానికి ముందే ఏలూరు వన్‌టౌన్‌లో ఒక సభ పెట్టండి. 2020లో నమూనాలు తీసుకున్న ప్రతి సంస్థ నుంచి ఒకరు రండి. బాధితులు ఎదురుగా కూర్చుంటారు. ఏం దొరికిందో, ఏం దొరకలేదో, ఏది ఇంకా తేలలేదో తెలుగులో చెప్పండి. రక్తపరీక్ష ఫలితం ఎవరిది వారికి ఇవ్వండి. ఆ రోజు మూర్ఛపోయిన పిల్లలకు మళ్లీ సీసం పరీక్ష ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఖర్చుతో చేస్తారో తారీఖుతో సహా ప్రకటించండి. కొల్లేరు మీద ఇకముందు ఏ కమిటీ వేసినా అందులో పక్షిశాస్త్రజ్ఞుడితో పాటు ప్రజారోగ్య వైద్యుడు, హక్కుల న్యాయవాది లేకపోతే సభ్యత్వానికి ఒప్పుకోకండి. తమ్మిలేరు, బుడమేరు, ఉప్పుటేరుల్లో నీటి నమూనా ఫలితాలను నెలనెలా పంచాయతీ నోటీసు బోర్డు మీద అతికించే ఏర్పాటు చేయించండి. ఎగువన మందు కొట్టే మా చింతలపూడి రైతులనూ పిలవండి. ఏ మందు, ఎంత, ఎన్నిసార్లు కొట్టామో మేమూ చెప్పాలి, అదీ నమూనాలో భాగమే. ఆ సభకు తారీఖు మీరు వేయండి.

ఇట్లు,
చింతలపూడి నుంచి,
తమ్మిలేరు ఎగువన ఉండే ఒక పౌరుడు